నాలుగువందల పన్నెండు సార్లు

మార్చి 4, సోమవారం

ఆసుపత్రి వంతుల పేజీ తెరుచుకోవడానికి 11.4 సెకన్లు. మూడుసార్లు చూశాను. 11.4, 11.2, 11.6.

ఈ పుస్తకం కొలతల కోసం. చెయ్యి పెట్టకముందు ఎంత, పెట్టాక ఎంత అని రాసుకోవాలి. "కొలవకుండా ముట్టుకోకు" అని బావ నేర్పాడు, నేను మోటారు రిపేరు షాపు మాని ఆయన పక్కన కూర్చున్న మొదటి రోజున. అప్పటికి నాకు కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు. పద్దెనిమిదేళ్ళయింది.

ఆసుపత్రి కౌంటర్ గుమాస్తా పొద్దున మళ్ళీ ఫోన్ చేశాడు.

"అయ్యా, మీ గుండ్రం తిరుగుతూనే ఉందండీ. ఇక్కడ లైను మెట్ల దాకా వచ్చింది. నేను తెరకేసి చూస్తున్నాను, వీళ్ళు నాకేసి చూస్తున్నారు."

"మేమూ దాన్నే చూస్తున్నామండీ."

"మీరూ చూస్తున్నారా? సరిపోయింది. అందరం చూస్తూ కూర్చుందాం."

మేనేజరమ్మ ఇరవై అయిదో తేదీ గడువు పెట్టింది. ఆ లోపు మూడు సెకన్లలోకి రాకపోతే ఆసుపత్రి వాళ్ళు వేరేవాళ్ళని చూసుకుంటారట. ప్రోగ్రాములో ఏ భాగం ఎంత సమయం తింటోందో, అది ఎవరు, ఎప్పుడు రాశారో ఒక పట్టిక చేసి ఇమ్మంది. "ఎవరినీ తప్పుపట్టడానికి కాదు" అంది. నేను అడగలేదు ఆ మాట.

మార్చి 5, మంగళవారం

ప్రొఫైలర్ పెట్టాను. ప్రోగ్రాం పని చేస్తుంటే పక్కన కూర్చుని, దేనికి ఎంతసేపు పట్టిందో రాసే మూగ గుమాస్తా అంటాడు బావ దాన్ని. అది గీసిన పట్టీలు తెర మీదకి వచ్చాయి. ఎంత సమయం పడితే పట్టీ అంత పొడుగు.

ఒక పట్టీ ఈ చివర నుంచి దాదాపు ఆ చివర దాకా ఉంది. వంతుల ఫైలు. ఏ రోగి ఏ డాక్టరు దగ్గర, ఎన్నో వంతు అని చూపించేది.

ఆ ఫైలు బావది. అందులో తప్పుండదు. మిగతావి ముందు చూస్తాను.

మార్చి 7, గురువారం

డాక్టర్ల ఫొటోలు గోడకు తగిలించేంత పెద్దవి ఉన్నాయి పేజీలో. చిన్నవి చేశాను. 10.3.

తేదీలకు సూచిక లేదు. వంతు వెతకాలంటే మొత్తం పుస్తకం మొదటి నుంచి తిప్పినట్టు తిప్పుతోంది. సూచిక పెట్టాను. 9.5.

బావకు చెప్పాను. "బాగుంది రా బామ్మర్దీ. ముందు కొలిచావా?" అన్నాడు. కొలిచానన్నాను. "నా దగ్గర పని నేర్చుకున్నవాడివి కదా మరి" అని తన మీసం తనే దువ్వుకున్నాడు.

గంట తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి, "ఆ డాక్టర్ల ఫొటోలు ఒకసారి చూడు, పెద్దవిగా ఉన్నట్టున్నాయి" అన్నాడు.

"చూస్తాను బావా" అన్నాను.

పనిలో ఉన్నప్పుడు ఎవరికైనా అంతే.

మార్చి 8, శుక్రవారం

9.5.

మార్చి 11, సోమవారం

అక్కడా ఇక్కడా కెలికాను. 9.3. దీనికి రోజంతా పట్టిందని రాసుకోవడానికి సిగ్గుగా ఉంది.

మేనేజరమ్మ నా వెనక నిలబడి తెర చూసింది. "ఆ పొడుగు పట్టీ ఏమిటి?"

"డేటాబేస్ వైపు పని. చూస్తున్నాను."

"సార్‌ని అడగలేకపోయారా? అదంతా ఆయన కట్టిందే కదా." వెళ్ళబోతూ, "సార్ ఈమధ్య మీటింగులో మాట్లాడటం లేదు. ఒంట్లో బాగానే ఉందా?" అంది.

"ఆయన మొదటి నుంచీ అంతేనండీ."

ఆమె చేరి రెండేళ్ళే అయింది, ఆమెకు తెలియదు. ఒకప్పుడు బావ మీటింగులో నోరు విప్పితే టీ చల్లారిపోయేది.

మార్చి 12, మంగళవారం

వంతుల ఫైలు తెరిచాను.

ఈరోజు జాబితాలో నాలుగువందల పన్నెండు మంది రోగులు. ప్రోగ్రాం ఒక్కో రోగి పేరు దగ్గరా ఆగి, డేటాబేస్ దగ్గరికి వెళ్ళి, ఈయన్ని చూసే డాక్టరు పేరేమిటి అని అడుగుతోంది. చెప్పించుకుని వస్తోంది. పక్క పేరుకు మళ్ళీ వెళ్తోంది. అదే డాక్టరు అయినా సరే, మళ్ళీ అడుగుతోంది. నాలుగువందల పన్నెండు సార్లు. ఒక్కోదానికి సెకనులో యాభయ్యో వంతు. అంతా కలిపితే ఎనిమిది సెకన్ల పైన.

డాక్టర్లు ఉన్నది పంతొమ్మిది మంది. ఒక్క ప్రశ్నతో అందరి పేర్లూ తెచ్చి దగ్గర పెట్టుకోవచ్చు.

మొదటి ఏడాది నేను సరిగ్గా ఇదే తప్పు చేశాను. బావ నలుగురిలో అందుకున్నాడు. "ఒరేయ్, కొట్టుకు వెళ్ళి ఉప్పు తెచ్చి, మళ్ళీ వెళ్ళి సబ్బు తెచ్చి, మళ్ళీ వెళ్ళి అగ్గిపెట్టె తెస్తావా? మీ అక్కయినా నన్ను అంత తిప్పదురా. చీటీ రాసుకుని ఒక్కసారి వెళ్ళు." ఆ నెలంతా ఆఫీసులో నా పేరు అగ్గిపెట్టె.

ఫైలు చరిత్ర తీశాను. ఏ వరస ఎవరు ఏ రోజు రాశారో అందులో ఉంటుంది. ఇంతకుముందు అక్కడ అలాంటి చీటీయే ఉంది, డాక్టర్ల పేర్లన్నీ ఒక్కసారే తెచ్చే ముక్క. బావ రాసిందే, తొమ్మిదేళ్ళ కిందట. పోయిన ఏడాది జనవరి 19న దాన్ని తీసేశాడు. పక్కన ఒక మాట రాసుకున్నాడు: మళ్ళీ అడిగి చూసుకోవాలి

ఫిబ్రవరిలో ఇంకో చోట: మళ్ళీ అడిగి చూసుకోవాలి

మే నెలలో మూడు చోట్ల.

ఆగస్టులో వంతుల లెక్క సరిచూసే ముక్క ఒకటి రాశాడు. తొమ్మిది రోజుల తర్వాత అదే ముక్క మళ్ళీ రాశాడు. పేరు వేరు, పని ఒకటే. రెండూ పనిచేస్తున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి. రెండోది రాసే రోజున మొదటిది ఉన్నట్టు ఆయనకు

ఇక్కడ ఆపుతున్నాను.

మార్చి 13, బుధవారం

పని ఒత్తిడిలో ఎవరైనా రాస్తారు అలా. నేను రాయలేదా.

మార్చి 17, ఆదివారం

అక్కావాళ్ళింటికి వెళ్ళాను. స్నానాల గదిలో బల్బు వెలగడం లేదని అక్క అంటే, కొత్తది ఎక్కడుందని అడిగాను. వంటింటి సొరుగు లాగింది. పదకొండు బల్బులు. అన్నీ ఒకే రకం, అట్టపెట్టెలు విప్పనివి.

"అంగడి పెడతారా ఏంటి?" అన్నాను.

అక్క నవ్వలేదు. సొరుగు మూసింది.

అన్నం తినేటప్పుడు బావ అడిగాడు. "ఆ పేజీ ఎంతలో తెరుచుకుంటోంది రా?"

"తొమ్మిది చిల్లర."

"ఎక్కువే. ఎక్కడ ఆగుతోందో చూశావా?"

"చూస్తున్నాను."

పెరుగు దగ్గర మళ్ళీ అడిగాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అడిగాడు. ప్రతిసారీ అదే శ్రద్ధ, అదే కనుబొమ ఎత్తడం. మూడోసారి నేను జవాబు చెప్పేలోగా అక్క, "తొమ్మిది చిల్లరటండీ" అంది, గిన్నెలు సర్దుతూ తల ఎత్తకుండా.

ఆయన పడుకున్నాక వరండాలో అడిగాను. "ఎప్పటి నుంచే?"

"ఏది?"

"అక్కా."

చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "ఇంకో రెండేళ్ళు లాగితే రిటైరవుతారు. ఆ దాకా ఎవరికీ తెలియకపోతే చాలు రా. పొద్దున లేచి ఆఫీసు చొక్కా వేసుకుంటారు చూడు, ఆ కాసేపు పాత మనిషే. ఆ కుర్చీ కూడా పోతే ఇంక ఈయన్ని దేంతో పట్టుకోవాలి నేను? నువ్వు పక్కనే ఉంటావుగా. కాస్త చూసుకో."

"డాక్టరుకు చూపించావా?"

"కళ్ళకు చూపిస్తున్నాం. కళ్ళజోడు మారిస్తే సర్దుకుంటుందేమో."

నేను సరేనన్నాను. దేనికి సరేనన్నానో రాయడం లేదు.

మార్చి 19, మంగళవారం

పట్టిక శుక్రవారం సాయంత్రానికి కావాలట. ఎవరు, ఎప్పుడు అనే గళ్ళతో సహా.

బావ కీబోర్డు కింద చీటీ కనిపించింది. పాస్‌వర్డు. పక్కనే టెస్టింగ్ అమ్మాయి పేరు, నా పేరు. నా పేరు పక్కన బ్రాకెట్లో 'తమ్ముడు, దాని' అని ఉంది. దాని అంటే అక్క.

పాస్‌వర్డు కాగితం మీద రాశానని ఒకప్పుడు నన్ను వారం రోజులు ఏడిపించిన మనిషి.

మార్చి 22, శుక్రవారం

రెండింటికి బావ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. రెండుంబావుకి నేను ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఆయన కంప్యూటర్‌లో, ఆయన పాస్‌వర్డుతో.

నలభై నిమిషాలు పట్టింది. చీటీ మళ్ళీ పెట్టాను. రెండుసార్లు ఉన్న ముక్కలో ఒకటి తీసేశాను. ఆయన పెట్టేలాంటి పేర్లే పెట్టాను. వరసల పక్కన రాసుకునే మాటల చివర ఆయన చుక్క పెట్టడు, నేనూ పెట్టలేదు. నా సొంత పద్ధతి అని వేరే ఏముంది, ఎలా రాయాలో మొత్తం ఆయన నేర్పిందే.

1.1 సెకను. మళ్ళీ 1.1. మళ్ళీ 1.0.

ఆయన యంత్రం మీద రాశాను కాబట్టి చరిత్రలో ఆయన పేరే పడింది. పట్టికలో వంతుల ఫైలు ఎదురుగా: రాసింది ఆయన, దిద్దింది ఆయన, ఈరోజు. ఇక ఎవరూ ఏమీ అడగరు. ఎవరికీ నష్టం లేదు. అక్కకు ఫోన్ చేసి సర్దుకుందని చెప్పాను.

పద్దెనిమిదేళ్ళలో ఆయనకు తిరిగి చేసింది ఇదొక్కటే.

మార్చి 25, సోమవారం

గుమాస్తా ఫోన్. "అయ్యా, గుండ్రం కనపడటం లేదు. ఏమన్నా పాడైపోయిందా?"

"లేదండీ, బాగైంది."

"పేరు నొక్కగానే వచ్చేస్తోంది. నాకు వేలు తీసే టైము కూడా ఇవ్వట్లేదు. రాత్రికి రాత్రి ఏం చేశారండీ బాబూ?"

మీటింగులో మేనేజరమ్మ పట్టిక తెర మీద పెట్టింది. 9.3 నుంచి 1.1. "ఇది సార్ పని. శుక్రవారం కూర్చుని దిద్దేశారు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

బావ కూడా కొట్టాడు. ఎవరికోసం కొడుతున్నారో వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూస్తూ కొట్టాడు.

మధ్యాహ్నమంతా ఆ ఫైలు తెరిచి పెట్టుకుని చదివాడు. ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

మార్చి 26, మంగళవారం

మెట్ల మలుపు దగ్గర నన్ను ఆపాడు. చేతిలో ఆ ఫైలు కాగితాల మీద అచ్చు తీసి ఉంది.

"ఇది నేను ఎప్పుడు రాశాను రా?"

"శుక్రవారం బావా."

"శుక్రవారం నేను కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను కదా. బస్సు టికెట్టు జేబులో ఉంది." టికెట్టు తీసి చూపించాడు. జేబులో ఇంకా చాలా టికెట్లు ఉన్నాయి, చీటీలు ఉన్నాయి.

"వెళ్ళే ముందు రాశావు."

"నువ్వు చూశావా?"

"చూశాను. పక్కనే ఉన్నాను."

కాగితాలు మడిచాడు. తిన్నగా, అంచుకు అంచు కలిపి.

"బాగా రాశాను" అన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. కింద నుంచి ఎవరో పైకి వస్తున్నారు, అందుకని ఆగాను. ఎవరో వస్తున్నారని రాశాను గానీ, ఎవరూ రాలేదు.

మార్చి 27, బుధవారం

బావ ఆఫీసుకు రాలేదు. ఇన్నేళ్ళలో చెప్పకుండా మానడం ఇదే మొదటిసారి.

మార్చి 28, గురువారం

వచ్చాడు. తలంటుకుని, ఇస్త్రీ చొక్కాతో. మేనేజరమ్మ గదిలోకి వెళ్ళి ఉత్తరం ఇచ్చి వచ్చాడు. నాకు నకలు చూపించాడు. నాలుగే వరసలు:

ఇన్నాళ్ళూ వయసు అనుకున్నాను. శుక్రవారం నేను రాసిన ముక్క సోమవారానికి నాకు గుర్తు లేదు. చూసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అనుమానం లేదు. రోగుల జాబితా మీద ఇకపై చెయ్యి పెట్టే అర్హత నాకు లేదు.

చూసినవాళ్ళు అంటే నేను.

"ఏదో మరిచిపోవడం ఉంటుంది రా, పేర్లూ అవీ. దానికి చీటీలు పెట్టుకున్నాను, నెట్టుకొస్తున్నాను. కానీ ఇది నలభై నిమిషాల పని. ఒక్క వరస కూడా గుర్తు రాలేదు. మొత్తం తుడిచేసినట్టు. నిన్నంతా కూర్చుని చూశాను, వస్తుందేమోనని."

కప్పు, కళ్ళజోడు పెట్టె, గోడకున్న క్యాలెండరు సంచిలో పెట్టుకున్నాడు. కీబోర్డు కింద చీటీ మర్చిపోయాడు. నేను తీసి జేబులో పెట్టుకున్నాను.

మార్చి 29, శుక్రవారం

పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. అక్క ముందే.

"అది నువ్వు రాయలేదు బావా. నేను రాశాను. నీ కుర్చీలో కూర్చుని."

జాలిగా నవ్వాడు. నా మీద జాలి.

"కూర్చో. టీ తాగు."

"నిజం బావా. పాస్‌వర్డు నీ కీబోర్డు కింద ఉంది. ఇదిగో చీటీ."

"చీటీ ఎవరికైనా దొరుకుతుంది. ఒరేయ్, నువ్వు రాసింది నాకు తెలీదా? పద్దెనిమిదేళ్ళు దిద్దాను. నువ్వు వరస చివర చుక్క పెడతావు, ఎన్నిసార్లు చెప్పినా మానవు. ఇందులో చుక్క లేదు. పేర్లు నావి. వరసల విరుపు నాది." కాగితాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "నన్ను నిలబెట్టడానికి అబద్ధం చెప్తున్నావు. మంచివాడివే. కానీ పనిలో అబద్ధం ఆడకు."

అక్క గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నా వైపు ఒక్కసారి చూసింది. నేను చెప్పింది నిజమని ఆమెకు తెలిసింది. టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 1, సోమవారం

మేనేజరమ్మకు అంతా చెప్పాను. బల్బుల సంగతి తప్ప.

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పట్టిక ఎందుకు అడిగానో తెలుసా మీకు?"

"తెలుసునండీ."

"తెలీదు. డిసెంబరు నుంచి చూస్తున్నాను సార్‌ని. మా నాన్నకూ ఇలాగే మొదలైంది. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పే చోట కూర్చోబెట్టాలని పైవాళ్ళతో మాట్లాడి పెట్టాను. పాతవి ఆయనకు అన్నీ గుర్తే. కాగితం మీద చూపించడానికి ఏదో ఒకటి కావాలన్నారు పైవాళ్ళు. మిమ్మల్ని అడిగింది అందుకు."

"నాకు చెప్పి ఉంటే..."

"మీరు నాకు చెప్పి ఉంటే" అంది ఆమె. గొంతు పెంచలేదు.

తర్వాత వేరొకరి పేరు మీద ప్రోగ్రాం మార్చినందుకు నాకు రాతపూర్వకంగా మందలింపు ఇచ్చింది. సంతకం పెట్టాను. మధ్యాహ్నం నా మార్పు వెనక్కి తీసి, అదే మార్పు నా పేరు మీద మళ్ళీ పెట్టాను. 1.1.

ఆ నేర్పే కుర్చీ గురించి బావతో మాట్లాడటానికి ఆమె సాయంత్రం స్వయంగా వెళ్ళింది. రానన్నాడట. గుర్తులేని మనిషి ఏం నేర్పుతాడమ్మా అన్నాడట.

ఏప్రిల్ 9, మంగళవారం

పెద్ద డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. మా పేజీయే అక్కడ. గుమాస్తా పేరు నొక్కగానే వంతు వచ్చింది. ఎదురు చూడాల్సిన పని లేకపోయింది. ఈ ఒక్కరోజుకు పేజీ ఆలస్యంగా తెరుచుకున్నా బాగుండు అనిపించింది.

డాక్టరు అడిగాడు, ఇది ఎప్పుడు మొదలైందని. అక్క, "ఓ ఆర్నెల్లు" అంది.

"పోయిన ఏడాది జనవరి 19" అన్నాను.

డాక్టరు తల ఎత్తాడు. "అంత కచ్చితంగానా?"

"అంతకు ముందే అయి ఉండొచ్చండీ. రాతలో కనపడింది ఆ రోజున."

ఏం రాత అని ఆయన అడగలేదు. తేదీ వేసుకున్నాడు. అక్క చెయ్యి నా మోచేతి మీద పడి, కాసేపు అక్కడే ఉండి, తీసేసుకుంది.

ఏప్రిల్ 13

రాయడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

మందులు మొదలయ్యాయి. తగ్గించవట, జారడం కాస్త నెమ్మది చేస్తాయట.

నేను వెళ్ళేసరికి బావ వరండాలో ఉన్నాడు. ఆదివారమైనా ఆఫీసు చొక్కా వేసుకున్నాడు. ఉత్తరం ఇచ్చిన సంగతి ఆయనకు ఒక్కోరోజు ఉంటుంది, ఒక్కోరోజు ఉండదట. మెట్ల మలుపు దగ్గర మాట్లాడుకున్నది మాత్రం పూర్తిగా పోయింది. అక్క లోపలికి పిలిచి నెమ్మదిగా చెప్పింది. ఆమెకు అది శుభవార్తో కాదో నాకు తెలియలేదు.

పక్కన కూర్చున్నాను.

"ఆ ఆసుపత్రి పేజీ ఎంతలో తెరుచుకుంటోంది రా?"

"ఒక సెకను బావా."

"ఒక సెకనా?" కనుబొమ ఎత్తాడు. "పదకొండు ఉండేది కదా. ఎవరు దిద్దారు?"

అక్క లోపల గిన్నెలు సర్దడం ఆపింది.

"నేను."

"ఎక్కడ ఆగుతోంది?"

"వంతుల ఫైల్లో. ఒకటే ప్రశ్న నాలుగువందల పన్నెండు సార్లు అడుగుతోంది. చీటీ పెట్టాను."

"అగ్గిపెట్టె" అని పెద్దగా నవ్వాడు. నా వీపు మీద ఒకటి వేశాడు. ఆయన చెయ్యి ఇంకా బరువుగానే ఉంది. "మొత్తానికి నేర్చుకున్నావు రా. ముందు కొలిచావా?"

"కొలిచాను."

కాసేపు రోడ్డు చూశాడు. ఎవరో సైకిలు మీద వెళ్తుంటే తల పంకించాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ ఆసుపత్రి పేజీ ఎంతలో తెరుచుకుంటోంది రా?" అన్నాడు.

"ఒక సెకను బావా."

"ఒక సెకనా? ఎవరు దిద్దారు?"

"నేను."

మళ్ళీ నవ్వాడు, మళ్ళీ వీపు మీద వేశాడు. అంతే సంతోషం, ఏమీ తగ్గలేదు. సాయంత్రం దాకా ఉన్నాను. ఎన్నిసార్లు అడిగాడో రాసుకు రమ్మన్నాడు డాక్టరు. పుస్తకం సంచిలోనే ఉంది, తీయలేదు.